చిరుతల రామాయణం ఎందుకు ఆగింది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికకు ఒక పాఠకుడు తమ ఊళ్లో చిరుతల రామాయణం, అంటే చిడతలు మోగిస్తూ ఊరివాళ్లే పాడి ఆడే రామాయణం, ఆగిపోయిందని నాలుగు మాటలు రాశారు. అది చదివి పరకాల నుంచి, జగిత్యాల నుంచి, హుజూరాబాద్ నుంచి, హనుమకొండ నుంచి మా ఊళ్లో కూడా అంతే అంటూ చాలామంది రాశారు. మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు వాయిదా వేసి, ఈ నెల పేజీలన్నీ దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా తాతల నాటి నుంచి మా ఊళ్లో ఎండాకాలం చిరుతల రామాయణం ఆడేవాళ్లు. మా బాపు లక్ష్మణుడి వేషం కట్టేవాడు. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు చివరి పట్టాభిషేకం జరిగింది, ఆ తర్వాత మళ్లీ ఊసే లేదు. ఎవరిని అడిగినా టీవీలు వచ్చి పోయిందంటున్నారు. నిజంగా అంతేనా?
(ఒక పాఠకుడు, పరకాల దగ్గరి ఊరు)

జవాబు: టీవీ ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. దూరదర్శన్‌లో రామాయణం సీరియల్ 1987 జనవరిలో మొదలై 1988 జులై దాకా వచ్చింది, అదీ ఆదివారం పొద్దున. చిరుతల రామాయణం ఆడేది ఎండాకాలం రాత్రుళ్లు. రెండింటికీ ఎక్కడా పోటీ లేదు. పొద్దున టీవీలో రాముణ్ణి చూసి దండం పెట్టిన అవ్వలే, రాత్రి సొంత మేనల్లుడు రాముడి వేషంలో వస్తే లేచి నిలబడి దండం పెట్టారు. టీవీ వచ్చాక కూడా ఏళ్ల తరబడి ఆడిన ఊళ్లు చాలా ఉన్నాయి, మీ ఊరు కూడా అందులో ఒకటే అయి ఉంటుంది.

అసలు ఈ ఆట ఎట్లా నడిచేదో ఒకసారి గుర్తు చేసుకుంటే ఎందుకు ఆగిందో తెలుస్తుంది. ఇది బయటి నుంచి వచ్చిన బృందం ఆడే నాటకం కాదు కదా, ఊరివాళ్లే ఆడేది. హోలీ దాటాక నలుగురు పెద్దమనుషులు కూర్చుని ఈ ఏడు ఆడదామని అనుకుంటే, పంతులును పిలిపించేవాళ్లు. పంతులు అంటే ఆట నేర్పే గురువు. ఆయన ఊళ్లోనే మకాం పెట్టేవాడు, రోజుకొక ఇంట్లో భోజనం, చివర్లో బట్టలు, డబ్బులు. పొద్దుగూకి పశువులను కట్టేసి, తిని, చేతులు కడుక్కున్నాక అందరూ గుడి ముందో బడి ముందో చేరేవాళ్లు. చదువు రానివాళ్లకు కూడా పంతులు ఒక్కో చరణం ఎత్తుకుని పాడి, మళ్లీ పాడించి, తాళం తప్పితే ఆపి, నోటికి వచ్చేదాకా వదిలేవాడు కాదు. ఇట్లా రెండు నెలలు, కొన్నిచోట్ల మూడు నెలలు. ఆ తర్వాతే ఆట.

ఆటలో అందరూ వలయంగా నిలబడతారు. ఒక చేతిలో చిరుతలు (బిళ్లలు బిగించిన కర్ర చిడతలు), ఇంకో చేతిలో రంగు దస్తీ, కాళ్లకు గజ్జెలు. మధ్యలో పంతులు హార్మోనియం దగ్గర కూర్చుంటాడు, పక్కన మద్దెలో డోలకో. పాత్రధారి వలయంలోంచి ముందుకు వచ్చి తన పాట ఎత్తుకుంటే మిగతావాళ్లంతా వంత పాడుతూ ఒక్క అడుగు మీద తిరుగుతారు. చిరుతల చప్పుడు ఒక్కసారి ఆగి, దస్తీలు ఒక్కసారి పైకి లేచి, మళ్లీ చప్పుడు అందుకునే ఆ క్షణం కోసమే నా చిన్నప్పుడు పిల్లలమంతా నిద్ర ఆపుకుని కూర్చునేవాళ్లం. స్టేజీ ఉండదు, తెర ఉండదు, జనం చుట్టూ కూర్చుంటారు కాబట్టి పాత్రధారికి వెనుక భాగం అంటూ లేదు, ఎటు తిరిగినా ఎవరో ఒకరు ముఖంలోకి చూస్తూ ఉంటారు. అందుకే ఇందులో అడుగు తప్పితే దాచుకునే వీలు లేదు, అంత సాధన అవసరం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇంత సాధనకు కావలసింది డబ్బు కంటే ముందు తీరిక, అదీ ఒక్కరికి కాదు, ముప్పై నలభై మందికి ఒకేసారి. వెనకట మన వైపు చాలా ఊళ్లలో వానాకాలం పంటే ప్రధానం, జొన్న, మక్క, కంది, చెరువు కింద కొంత వరి. సంక్రాంతి దాటితే పనులు తగ్గేవి, ఉగాది నుంచి మృగశిర కార్తె దాకా ఊరంతా ఖాళీ. ఆ ఖాళీలోనే పెళ్లిళ్లు, బోనాలు, చిరుతల రామాయణం. తర్వాత కరెంటు మోటార్లు వచ్చాయి, బోర్లు వచ్చాయి, శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ వచ్చింది. నీళ్లు రావడం మంచిదే, దాన్ని తప్పు పట్టే మాట ఒక్కటి కూడా నా నోట రాదు, ఎండిన బావుల ఊళ్లు ఎట్లా బతికాయో నాకు తెలుసు. కానీ నీళ్లతో యాసంగి వరి వచ్చింది. జనవరిలో నాట్లు, ఏప్రిల్, మేలో కోతలు. ఆ తర్వాత వడ్లు కొనుగోలు కేంద్రంలో కుప్ప పోసి, తేమ తగ్గేదాకా, కాంటా అయ్యేదాకా, లారీ వచ్చేదాకా కాపలా. మబ్బు పట్టిందంటే రాత్రికి రాత్రి పరదాలు కప్పాలి. మీ బాపు లక్ష్మణుడి పాట నేర్చుకున్న అవే రాత్రుళ్లలో ఇప్పుడు మీ ఊరి రైతు వడ్ల కుప్ప పక్కన మంచం వేసుకుని పడుకుంటున్నాడు. ఆట కోసం ఉన్న ఎండాకాలమే పోయింది. నేను చూసినంతలో ఇదే అన్నిటికంటే పెద్ద కారణం, దీన్ని ఎవరూ చెప్పరు.

రెండోది వలస. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి దుబాయ్‌కి, మస్కట్‌కి. వరంగల్ వైపు నేతపని వాళ్లు భివండికి, సూరత్‌కి. వేషం కట్టే వయసు, బయటికి పోయే వయసు రెండూ ఒక్కటే, ఇరవై నుంచి నలభై. లక్ష్మణుడు భివండిలో సాంచా (మరమగ్గం) మీద, హనుమంతుడు మస్కట్‌లో ఉంటే వలయం ఎట్లా నిండుతుంది? ఒక పాత్రకు మనిషి దొరకకపోతే కొత్తవాడికి నేర్పవచ్చు, ఏడెనిమిది పాత్రలు ఒకేసారి పోతే పంతులు కూడా చేతులెత్తేస్తాడు.

మూడోది పంతుళ్లు పోవడం. ఒక ఊళ్లో ఒక ఏడాది ఆట ఆగితే ఆ ఊరికి ఏమీ కాదు, వచ్చే ఏడు ఆడుకోవచ్చు. కానీ ఒక్క పంతులు మీద చుట్టుపక్కల ఎన్నో ఊళ్లు ఆధారపడేవి. అన్ని ఊళ్లూ ఒక్కొక్కటిగా మానేస్తుంటే ఆయనకు బతుకుదెరువు పోయింది, కొడుకుకు నేర్పలేదు, నేర్పినా కొడుకు వేరే పని చూసుకున్నాడు. ఆయన పోయాక ఆడదామనుకున్న ఊరికి కూడా నేర్పేవాళ్లు లేరు.

ఇంకొకటి కూడా చెప్పాలి. 1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ తర్వాత చాలా ఏళ్లు మన పల్లెల్లో రాత్రిపూట నలుగురు ఒకచోట కూర్చుంటేనే అటు నక్సలైట్లకూ ఇటు పోలీసులకూ సమాధానం చెప్పుకోవలసి వచ్చేది. పొద్దుగూకాక తలుపులు వేసుకున్న ఊళ్లో రెండు నెలల రాత్రి సాధన ఎట్లా సాగుతుంది? అన్ని ఊళ్ల సంగతీ ఇదే అనను, కానీ ఆ టెన్షన్‌లో ఆగిన ఆటలు ఉన్నాయి, అవి మళ్లీ మొదలు కాలేదు.

ప్రశ్న: ఈ ఆట ఎన్నేళ్ల నాటిది? కాకతీయుల కాలం నాటిదని మా సార్ అంటారు.
(ఒక డిగ్రీ విద్యార్థి, నర్సంపేట)

జవాబు: కథను పాడుకోవడం కాకతీయుల కాలానికి ఉంది, అందులో అనుమానం లేదు. గోన బుద్ధారెడ్డి రామాయణాన్ని ద్విపదలో రాసింది 13వ శతాబ్దంలో, ద్విపద అంటే చదువుకోవడం కంటే పాడుకోవడానికి అనువైన ఛందస్సు. మన పాలకుర్తి సోమనాథుడు శ్రీశైలం యాత్రకు పోయే జనం ఆడే ఆటలనూ పాడే పాటలనూ తన ద్విపద కావ్యంలో వరుసపెట్టి చెప్పాడు. అయితే ఇప్పుడు మనం చూసే చిరుతల రామాయణంలో హార్మోనియం ఉంది, రంగస్థల పద్యాల బాణీలు ఉన్నాయి, యక్షగానం దరువులు ఉన్నాయి, అంటే వేరువేరు కాలాల్లో వచ్చినవన్నీ కలిసి ఉన్నాయి. మీ సార్ చెప్పినది కథాగానం వరకు సరైన మాటే. మీరు ప్రాజెక్టు చేస్తున్నట్టయితే పుస్తకాల కంటే ముందు మీ మండలంలో బతికున్న పంతుళ్లను వెతకండి.

ప్రశ్న: మా అమ్మమ్మ ఊళ్లో సీత వేషం ఎప్పుడూ మగవాళ్లే వేసేవాళ్లట. ఆడవాళ్లను ఎందుకు రానివ్వలేదు? ఇప్పుడు మేం ఆడతామంటే తప్పా?
(ఒక పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: తప్పు ఎట్లా అవుతుందమ్మా? రాత్రిపూట సాధన, మగవాళ్లతో కలిసి వలయంలో తిరగడం, ఊరి మాట, ఇవి అడ్డుపడ్డాయి తప్ప ఆడవాళ్లకు చేతకాక కాదు. మన పక్కనే రుజువు ఉంది. బోధన్ దగ్గరి అమ్దాపూర్‌లో ఉన్న చిందు ఎల్లమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడే గజ్జె కట్టి, ముసలితనం దాకా చిందు భాగవతం (ఊరూరా తిరిగి ఆడే యక్షగానం) ఆడింది, 2005లో కన్నుమూసింది. చిందు కుటుంబాల్లో ఆడవాళ్లు వేషం కట్టడం తరతరాలుగా ఉంది. సురభి నాటకాల్లో కూడా ఆడ పాత్రలు ఆడవాళ్లే వేశారు, అదీ ఆడవాళ్లు స్టేజీ ఎక్కితే జనం నోళ్లు నొక్కుకునే కాలంలో.

ఇంకో సంగతి. మీరు బతుకమ్మ ఆడతారు కదా, చప్పట్ల లయ మీద వలయంగా తిరుగుతూ ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకోవడం మీకు చిన్నప్పటి నుంచి వచ్చు. చిరుతల రామాయణంలో కష్టమైన పని సగం అదే. మీ కాలనీలో కోలాటం బృందం ఉంటే వాళ్లతో మొదలుపెట్టండి. సీత వేషం మాత్రమే కాదు, రాముడి వేషం, రావణుడి వేషం కూడా మీరే వేయండి.

ప్రశ్న: మా చిన్నతనంలో వరంగల్‌లో సురభి వాళ్లు రేకుల షెడ్డు వేసి నెలల తరబడి నాటకాలు ఆడేవాళ్లు. మాయాబజార్ ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. ఇప్పుడెందుకు రారు? మూసేశారా?
(ఒక రిటైర్డ్ ఉద్యోగి, కాజీపేట)

జవాబు: మూసేయలేదు సార్. సురభి కుటుంబాలు హైదరాబాద్‌లో లింగంపల్లి దగ్గర సురభి కాలనీలో ఉన్నాయి, నాటకాలు ఆడుతున్నాయి. కానీ మీరు చూసిన సురభి వేరు, అది నిజంగానే పోయింది.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి కుటుంబం కీచకవధతో మొదలుపెట్టింది. అంతకుముందు వాళ్లు తోలుబొమ్మలు ఆడించేవాళ్లు. పిల్లలు పెరిగి, పెళ్లిళ్లై, కుటుంబాలు విడివడిన కొద్దీ ఒక్క సమాజం పదుల సమాజాలైంది, ఒక్కోటీ ఒక్కో దిక్కుకు పోయింది. మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతిగా వేసిన సురభి కమలాబాయి ఈ కుటుంబాల బిడ్డే. శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని నడిపిన రేకందార్ నాగేశ్వరరావు గారికి, అందరూ బాబ్జీ అనేవారు, 2013లో పద్మశ్రీ వచ్చింది, 2022లో ఆయన పోయారు.

వాళ్ల పద్ధతి మీకు గుర్తుండే ఉంటుంది. ఊళ్లో ఖాళీ స్థలం చూసుకుని వెదురు బొంగులతో, రేకులతో సొంత థియేటర్ కట్టుకునేవాళ్లు. రోజుకొక నాటకం. ఒకరోజు బాలనాగమ్మ, ఒకరోజు లవకుశ, ఒకరోజు పాతాళభైరవి, ఇంకోరోజు వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర. నారదుడు మబ్బుల్లోంచి దిగితే పైన తీగలు లాగేది ఆయన తమ్ముడు, బాణాలు గాలిలో ఢీకొని నిప్పులు రాలితే పక్కన నిలబడి ఆ పని చూసేది మరదలు, హార్మోనియం మీద బావ. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరిపోతుంటే మనం నోరు తెరిచేవాళ్లం. షెడ్డు వెనుకే వంట, షెడ్డు వెనుకే పిల్లల చదువు. జీతాల నాటకం కాదది, సంసారం.

ఇట్లాంటి మకాం నిలబడాలంటే మూడు ఉండాలి. ఊరి నడుమ ఖాళీ స్థలం తక్కువ అద్దెకు దొరకాలి. ఒకే జనం వారానికి రెండు మూడు సార్లు టికెట్ కొని రావాలి. పిల్లలు కూడా పెద్దయ్యాక అదే పనిలో ఉండాలి. వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడూ కలిసిపోయి ఒక్క నగరమైంది, షెడ్డు వేసిన జాగాల్లో ఇప్పుడు షాపింగ్ కాంప్లెక్సులు, ఫంక్షన్ హాళ్లు. ఫంక్షన్ హాలు ఒక్క రోజు అద్దెకు సురభి టికెట్లు ఎన్ని అమ్మాలో మీరే ఊహించండి. వాళ్ల పిల్లలు చదువుకుని ఉద్యోగాలు చేసుకుంటున్నారు, అది వాళ్ల హక్కు. అందుకే మకాం పోయి, ఎవరో పిలిస్తే వచ్చి ఒక్క రాత్రి ఆడి లారీ ఎక్కించుకుని పోయే ప్రదర్శన మిగిలింది.

ఒక్క రాత్రి ప్రదర్శన చెడ్డదని కాదు. 2024 నవంబర్‌లో హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రం తెరిచారు, మంచి ఆడిటోరియం. మీలాంటి పది కాలనీల పెద్దలు కలిసి సురభి వాళ్లను ఒక వారం రోజులు పిలిపించి, రోజుకొక నాటకం ఆడించి, టికెట్ పెట్టి చూస్తే నాకు చాలా సంతోషం. ఉచితంగా మాత్రం వద్దు. టికెట్ కొన్నవాడు నాటకం అయిపోయేదాకా కూర్చుంటాడు, నచ్చితే రేపు మళ్లీ వస్తాడు, ఆడేవాళ్లకు కూడా తమ పనికి విలువ ఉందని తెలుస్తుంది.

ప్రశ్న: ఒగ్గు కథ ఇప్పటికీ నడుస్తున్నది, చిరుతల రామాయణం ఎందుకు నడవలేదు? జనం రాముడి కథ వినడం మానేశారా?
(ఒక ఉపాధ్యాయుడు, హుజూరాబాద్)

జవాబు: మంచి ప్రశ్న. రాముడి కథ వినడం ఎవరూ మానలేదు, శ్రీరామనవమి నాడు ఏ ఊరికి పోయినా తెలుస్తుంది. తేడా ఇంకో దగ్గర ఉంది.

ఒగ్గు కథ, అంటే డోలు చప్పుడు మీద మల్లన్న, బీరప్ప కథలు పాడి చెప్పడం, మొక్కుతో ముడిపడి ఉంది. మల్లన్నకు పట్నం (రంగుల ముగ్గు) వేయాలంటే ఒగ్గు పూజారి రావాలి, బీరప్ప పండుగ చేయాలంటే ఒగ్గు వాళ్లు రావాలి, వాళ్లు లేకపోతే ఆ పండుగే జరగదు. సంక్రాంతికి ఐనవోలుకు పోండి, ఉగాది లోపు ఏ ఆదివారమైనా కొమురవెల్లికి పోండి, డోలు చప్పుడు వినపడని పూట ఉండదు. కుటుంబానికి అవసరం ఉంది కాబట్టి డబ్బు ఇస్తారు, డబ్బు వస్తుంది కాబట్టి కొడుకు నేర్చుకుంటాడు. ఆ పునాది మీద నిలబడే మన జనగామ వైపు మాణిక్యాపురం చుక్క సత్తయ్య గారు, వేములవాడ దగ్గరి హన్మాజీపేట మిద్దె రాములు గారు గుడి ముందటి కథను పెద్ద పెద్ద వేదికల దాకా తీసుకుపోయారు. సత్తయ్య గారు 2017లో, రాములు గారు 2010లో పోయారు, వాళ్ల శిష్యులు ఇంకా కథ చెబుతున్నారు.

చిందు వాళ్లకు కూడా అట్లాగే ఊళ్ల మీద మిరాశీ హక్కు ఉండేది, ఫలానా ఊళ్లు ఫలానా కుటుంబానివి అని. ఆ హక్కు సడలిపోయాక వాళ్లెంత కష్టపడ్డారో చూశాం. జనగామ జిల్లా గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది, చిందు యక్షగానానికి అంత గుర్తింపు రావడం మనందరికీ గౌరవమే. కానీ ఒక్కరికి వచ్చిన పద్మశ్రీతో ఊరూరా తిరిగే మేళానికి పని దొరకదు.

చిరుతల రామాయణానికి ఈ రెండూ లేవు. మొక్కు లేదు, హక్కు లేదు. ఊరు ఆడాలనుకుంటే ఆడేది, అంతే. ఒక ఏడు ఆడకపోతే ఏ దేవుడికీ కోపం రాదు, ఎవరి పొట్టా నేరుగా మాడదు, పంతులుది తప్ప. ఇష్టం మీద నిలబడ్డ పని కాబట్టి, ఇష్టం ఉన్నా తీరిక లేని కాలం వచ్చేసరికి అందరికంటే ముందు అదే ఆగింది.

ప్రశ్న: మేం పదిహేను మంది యువకులం, అందరం ముప్పై లోపు. మా ఊళ్లో చిరుతల రామాయణం మళ్లీ ఆడాలని ఉంది. మా ఊరి పంతులు ఉన్నారు కానీ ఎనభై దాటాయి. డబ్బుల కోసం ఎవరిని అడగాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?
(ఒక పాఠకుడు, జగిత్యాల జిల్లా)

జవాబు: తమ్ముడూ, ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలో నన్ను ఎక్కువ సంతోషపెట్టింది నీదే. డబ్బుల సంగతి తర్వాత చూద్దాం, ముందు పంతులు దగ్గరికి పో. రేపే పో.

ఆయన దగ్గర చేతిరాత నోటుబుక్కు ఉండి తీరుతుంది. చాలా ఊళ్లలో అసలు పుస్తకం అదే, బజారులో దొరికే అచ్చు పుస్తకానికీ దానికీ పాటలు కలవవు, ఎందుకంటే ప్రతి పంతులు తనకు నచ్చిన పాట చేర్చుకుంటాడు, నచ్చనిది తీసేస్తాడు. ప్రతి పేజీ ఫోన్‌తో ఫోటో తీయండి, పగటి వెలుతురులో, నీడ పడకుండా. బుక్కు మాత్రం ఆయన దగ్గరే ఉండనివ్వండి. తర్వాత పాటలు ఆయన చేత పాడించి రికార్డు చేయండి. ఒక్క రోజులో అన్నీ పాడించకండి, ఎనభై ఏళ్ల గొంతు, పొద్దున రెండు మూడు పాటలు చాలు. పాట ముందు ఇది ఎవరి పాట, ఏ సందర్భం, ఏ తాళం అని ఆయన చేతనే చెప్పించండి. అడుగులు కూడా కావాలి. ఆయన లేచి తిరగలేకపోతే, ఆయన దగ్గర నేర్చుకున్న అరవై ఏళ్ల వాళ్లు ఊళ్లో ఉంటారు, వాళ్లను తిరగమనండి, ఆయన కూర్చుని సరిదిద్దుతారు. పాదాలు కనపడేట్టు వీడియో తీయండి, చాలామంది ముఖాలు తీస్తారు, తీరా చూసుకుంటే అడుగు దొరకదు.

ఇక ఆట. మొదటి ఏడే మొత్తం రామాయణం పెట్టుకోకండి. వెనకటిలాగా వరుస రాత్రుళ్లు ఆడే తీరిక మీకు లేదు, చూసేవాళ్లకూ లేదు. ఒక్క రాత్రి, ఒక్క ఘట్టం. నా సలహా అయితే సీతా స్వయంవరమో, లేకపోతే భరతుడు పాదుకలు తీసుకుపోయే ఘట్టమో. పాత్రలు తక్కువ, పాటలు బాగుంటాయి, ఏడ్చేవాళ్లు ఏడుస్తారు. పట్టాభిషేకం మీద మనసు పోతుంది, నాకు తెలుసు, కానీ దానికి అందరూ కావాలి, రెండో ఏడో మూడో ఏడో చూసుకోండి.

కాలం కూడా మార్చండి. ఎండాకాలమే కావాలని పట్టుబడితే మళ్లీ వడ్ల కుప్పల దగ్గరే ఆగిపోతుంది. దసరాకు పట్నంలో ఉన్నవాళ్లు, బయట ఊళ్లలో ఉన్నవాళ్లు కూడా ఇంటికి వస్తారు. వానాకాలం వరి అప్పటికి ఇంకా కోతకు రాదు. బతుకమ్మ అయిపోయాక దసరా మరునాడు పెట్టుకుంటే ఊరంతా ఊళ్లోనే ఉంటుంది. సాధన ఆదివారాలు, మధ్యలో పాటలు ఫోన్లో పంపుకోండి. దుబాయ్‌లో ఉన్నవాడు అక్కడే పాట నేర్చుకుని, సెలవు మీద వచ్చి వలయంలో అడుగు కలపవచ్చు.

ఒక్క మాట పెద్దవాడిగా చెబుతున్నాను. పాత రోజుల్లో అన్ని ఊళ్లలో అన్ని వాడలవాళ్లనూ వలయంలోకి రానివ్వలేదు. రాముడి వేషం ఎవరు కట్టాలి, ఎవరు కట్టకూడదు అని గొడవలు అయిన ఊళ్లు ఉన్నాయి. మీ పదిహేను మందిలో అన్ని వాడల పిల్లలూ ఉన్నారా? లేకపోతే ముందు పిలవండి. గొంతు బాగున్నవాడికి పెద్ద పాత్ర, అడుగు బాగున్నవాడికి ముందు వరుస, ఇంకే లెక్కా వద్దు. అట్లా మొదలుపెట్టకపోతే నీ ఆట నాకు అక్కరలేదు.

ఇప్పుడు డబ్బు. పాతరోజుల్లో పట్టాభిషేకం నాడు చదివింపులతోనే ఖర్చంతా వెళ్లిపోయేది. ఫలానా ఇంటివారు నూటపదహార్లు అని మైకులో చదువుతుంటే పక్కింటివాళ్లు ఊరుకునేవాళ్లు కాదు. ఇప్పుడూ అదే నడుస్తుంది. డ్రెస్సులు కొనకండి, అద్దెకు తెచ్చుకోండి. వినాయక చవితికి మీ ఊళ్లో వసూలైన డబ్బులో డీజేకు పోయేది ఎంతో చూసి, అందులోంచి కొంత మీ ఆటకు ఇవ్వమని కమిటీని అడగండి. సర్కారు సాయం కావాలంటే జిల్లా అధికారులకు అర్జీ పెట్టండి, వస్తే మంచిదే. కానీ అది వచ్చేదాకా ఆగకండి, అర్జీకి తొందర లేదు, మీ పంతులుకు ఎనభై దాటాయి.

ఆయనకు ఇచ్చేది మాత్రం ముందే ఇవ్వండి. ఆట అయ్యాక శాలువా కప్పడం వేరు, నేర్పినన్ని రోజులూ చేతిలో డబ్బు పెట్టడం వేరు. రెండోది చేయండి.

ప్రశ్న: చిరుతలు ఎక్కడ దొరుకుతాయి? ఆన్‌లైన్‌లో చూస్తే కోలాటం కర్రలు వస్తున్నాయి.
(ఒక పాఠకురాలు, భూపాలపల్లి)

జవాబు: కోలాటం కర్రలు పనికిరావు. పెద్ద గుళ్ల దగ్గర భజన సామాన్లు అమ్మే దుకాణాల్లో చిడతలు అని అడగండి, వేములవాడ లాంటి చోట చూడండి. అవి చిన్నగా ఉంటే, మీ ఊళ్లో ఎవరి అటక మీదనైనా పాత చిరుతలు దొరుకుతాయేమో వెతికి, ఒక జత మీ ఊరి వడ్లాయన (వడ్రంగి) దగ్గరికి పట్టుకుపోండి, కొలతలు చూసి గట్టి కర్రతో చేసిస్తారు. బిళ్లలు వదులుగా బిగించమనండి, బిగువుగా ఉంటే మోగవు. బృందానికి కావలసినవన్నీ ఒకే వడ్లాయన చేత, ఒకే కర్రతో చేయించండి, లేకపోతే వలయంలో ఒక్కోటి ఒక్కోలా మోగుతుంది.